క్రషర్‌లో మూడు వేళ్లు పోయాయి, 30 వేలిచ్చి వేలిముద్ర తీసుకున్నారు. ఇంతటితో అయిపోయినట్టేనా?

కాశీనగర్ చిన్నోడు · 2026 జనవరి 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. అక్కని పాతపట్నం దగ్గర పల్లెకి ఇచ్చాం. బావకి 30 ఏళ్లు. మా వైపు ఒక రాళ్ల క్రషర్‌లో నాలుగేళ్లుగా పని. వారమంతా మా ఇంట్లో ఉండి శనివారం రాత్రి తన ఊరు పోతాడు.

మొన్న దసరాకి పది రోజుల ముందు బెల్టు కింద ఇరుక్కున్న రాయి తీయబోతే రోలర్ కుడి చేతిని లాగేసింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు పోయాయి. బరంపురం పెద్దాసుపత్రిలో పదహారు రోజులున్నాం.

ఓనరు తరఫు మున్షీ మొదట్లో మందులకి డబ్బులిచ్చాడు, కాదనను. దీపావళి వెళ్లాక బావని పిలిచి 30 వేలు చేతిలో పెట్టి స్టాంపు పేపరు మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. కాగితం ఒడియాలో ఉంది. బావకి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను చదివింది ఒడియా మీడియమే, తర్వాత ఫోటో చూశాను. "పూర్తి పరిహారం ముట్టింది, ఇకపై ఎవరి మీదా ఏ దావా వేయను" అని రాసుంది.

ఇప్పుడు సగం కూలికి వాచ్‌మన్‌గా రమ్మంటున్నారు. బావేమో "ముద్ర వేసేశాక ఇంకేటి ఉందిరా" అని కూర్చున్నాడు. నిజంగా అంతేనా? పైగా క్రషర్ ఒకరిది, కూలీలని పెట్టింది టెక్కలి కాంట్రాక్టరు. ఇతన్ని అడిగితే అతన్ని అడగమంటాడు, అతన్ని అడిగితే ఇతన్ని. పని ఒడిశాలో, మనిషి ఆంధ్రలో. ఏ ఆఫీసు మెట్లెక్కాలో కూడా తెలీదు.

---

రాయగడ మాస్టారు · రాత్రి 9:40

చాలా బాధగా ఉంది నాయనా. స్టాంపు పేపరు మీద ముద్ర పడ్డాక కష్టమే. నేను చూసిన రెండు మూడు కేసుల్లో ఊరి పెద్దలని కూర్చోబెట్టి ఇంకో 20, 30 వేలు ఇప్పించారు. అలా ప్రయత్నించండి.

---

పాత లేబరాఫీసు మనిషి · రాత్రి 10:25

మాస్టారూ, క్షమించాలి. ఈ మాట వల్లే సగం మంది ఇంట్లో కూర్చుంటున్నారు. నేను ముప్పై ఏళ్లు ఈ ఫైళ్లే మోశాను, కొంచెం వివరంగా చెప్తాను.

1923 నాటి చట్టం ఇది. అప్పట్లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ అనేవారు, 2010 జనవరి నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. పాతవాళ్లం ఇప్పటికీ డబ్ల్యూసీ అనే అంటాం. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సింది యజమాని. తప్పు యజమానిదని పనివాడు రుజువు చేయక్కర్లేదు.

ఇక ఆ కాగితం. వేళ్లు పోయినందుకు ఒకేసారి ఇంత ఇస్తాం, నువ్వు ఒప్పుకో అని రాసుకుంటే దాన్ని కమిషనర్ (ఈ పరిహారం కేసులు తేల్చే అధికారి) దగ్గరికి పంపి రిజిస్టర్ చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉన్నా, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నా ఆయన రిజిస్టర్ చేయడు. రిజిస్టర్ కాని కాగితం చూపించి ఓనరు తప్పించుకోలేడు. పూర్తి పరిహారం కట్టాల్సిందే. ఇంకో సంగతి చాలామంది వకీళ్లకి కూడా గుర్తుండదు. అలాంటి కాగితం మీద ఇచ్చిన డబ్బులో సగానికి మించి తర్వాత మినహాయించుకోవడానికి లేదు, కమిషనర్ వేరేగా చెప్తే తప్ప. అంటే మీ 30 వేలల్లో మామూలుగా వాళ్లకి లెక్కకొచ్చేది 15 వేలు.

హక్కు వదులుకుంటున్నాను అని ఎక్కడ రాయించుకున్నా అది చెల్లదని అదే చట్టంలో వేరే సెక్షన్ కూడా ఉంది.

గడువు రెండేళ్లు. మీకింకా చాలా టైముంది. అలాగని నాన్చకండి.

---

కాశీనగర్ చిన్నోడు · రాత్రి 10:31

సార్, నిజమా? చేతులు వణుకుతున్నాయి టైపు చేస్తుంటే. మరి ఏ ఊళ్లో వెయ్యాలి?

---

పాత లేబరాఫీసు మనిషి · రాత్రి 10:44

మూడు చోట్లలో ఎక్కడైనా. యాక్సిడెంట్ జరిగిన చోటి కమిషనర్ దగ్గర, లేదా దెబ్బ తగిలినవాడు మామూలుగా నివసించే చోట, లేదా యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట. రేషన్ కార్డు, ఆధారు, ఓటు పాతపట్నం అడ్రసుతో ఉంటే శ్రీకాకుళం లేబర్ ఆఫీసుకి వెళ్లి కాంపెన్సేషన్ కేసులు చూసే అధికారి ఎవరని అడగండి. అక్కడైతే మీ బావ చెప్పేది తెలుగులో చెప్పుకోవచ్చు. ఒడిశా వైపు కమిషనర్‌కి నోటీసు పంపడం వాళ్ల పని.

1995 సవరణకి ముందు ఈ వెసులుబాటు లేదు. ఎక్కడ చెయ్యి పోతే అక్కడే తిరగాలి. అస్సాం టీ తోటల్లో, బొంబాయి మిల్లుల్లో పడ్డవాళ్లు ఊరికొచ్చేశాక ఏం తిరుగుతారు?

---

రాయగడ మాస్టారు · రాత్రి 11:02

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్నాళ్లూ పంచాయితీ పెద్దల్లో నేనూ ఒకణ్ణి. తెలియక ఎంత తక్కువకి ఒప్పించామో తలుచుకుంటే నిద్ర పట్టేలా లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. మధ్యలో మహేంద్రతనయ నది ఒక్కటే. చుట్టరికాలకి అడ్డురాని సరిహద్దు ఇలాంటప్పుడు మాత్రం కొండంత కనిపిస్తుంది.

---

కూలీల మేస్త్రి_77 · జనవరి 19, ఉదయం 6:50

ఇక్కడ అందరూ ఓనర్లని, కాంట్రాక్టర్లని దొంగల్లా మాట్లాడుతున్నారు. నేనూ చిన్న కాంట్రాక్టరునే, పాతిక మందిని పెడతాను. ఒక్క యాక్సిడెంట్ అయితే నా రెండేళ్ల లాభం పోతుంది. రాత్రి తాగి, పొద్దున్న అదే మత్తులో వచ్చి బెల్టు మీద చెయ్యి పెడితే మేం ఏం చేయాలి? చట్టంలో తాగి ఉంటే ఇవ్వక్కర్లేదని కూడా ఉంది. అదెవరూ చెప్పరు.

---

పాత లేబరాఫీసు మనిషి · ఉదయం 8:15

చెప్తాను మేస్త్రి గారూ. ఉంది. తాగిన మత్తు, కావాలని నిబంధన మీరడం, కావాలని సేఫ్టీ గార్డు పీకెయ్యడం, ఈ మూడింట్లో దేనివల్లనైనా నేరుగా దెబ్బ తగిలిందని యజమాని రుజువు చేస్తే బాధ్యత తప్పుతుంది. కానీ మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ వాదన చెల్లదు, ఇవ్వాల్సిందే. వేళ్లు పోవడం పాక్షికం కాబట్టి ఈ కేసులో ఓనరు ఆ వాదన తేవచ్చు. చిన్నోడూ, అందుకు సిద్ధంగా ఉండు. ఆ బెల్టుకి అసలు గార్డు ఉందా?

---

కాశీనగర్ చిన్నోడు · ఉదయం 8:40

బావ తాగడు సార్, అయ్యప్ప మాల ఏటా వేస్తాడు. గార్డు అనేదే లేదు. పాత టైరు ముక్క ఒకటి తాడుతో కట్టి ఉండేదట, అది ఊడిపోయి ఆర్నెల్లయింది. యాక్సిడెంట్ అయిన మర్నాడే కొత్త జాలీ వెల్డింగ్ చేయించారని తోటివాళ్లు చెప్పారు.

---

కూలీల మేస్త్రి_77 · ఉదయం 9:05

సరే, అలాగైతే ఓనరుదే తప్పు. నేను అన్నది అందర్నీ ఒకే గాటన కట్టొద్దని. తోటి కాంట్రాక్టర్లకి ఒక మాట. డబ్ల్యూసీ పాలసీ తీసుకోండి. కూలీల లెక్క, కూలి మొత్తం చూపించి ఏడాదికోసారి కడతాం. పోయినేడు మా దగ్గర ఒకడు పరంజా మీంచి పడితే పరిహారం ఇన్సూరెన్సే కట్టింది. కానీ ఆలస్యం చేసినందుకు పడే జరిమానా మాత్రం వాళ్లు కట్టరు, అది మన జేబులోంచే.

---

బరంపురం వకీలమ్మ · ఉదయం 11:30

లేటుగా చూశాను. సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను లెక్క చెప్తాను, ఎందుకంటే అంకె తెలియకుండా బేరానికి కూర్చుంటే ఎప్పుడూ ఓడిపోతాం.

శాశ్వతంగా పూర్తి వైకల్యం అయితే నెల జీతంలో 60 శాతాన్ని, వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన ఒక గుణకంతో గుణించాలి. 30 ఏళ్లకి ఆ గుణకం 207.98. పాక్షికమైతే వచ్చినదాంట్లో పోయిన అవయవానికి చట్టంలోని పట్టికలో రాసిన శాతం తీసుకోవాలి. ఒక చేతికి మూడు వేళ్లు పోతే 30 శాతం. నాలుగూ పోతే 50. బొటనవేలు ఒక్కటే పోయినా 30. ఆ పట్టికలో కుడి ఎడమల తేడా లేదు, అది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

చిన్నోడూ, బావకి నెలకెంత వచ్చేది?

---

కాశీనగర్ చిన్నోడు · ఉదయం 11:38

రోజుకి 460 చొప్పున, నెలకి 12 వేలకి అటూ ఇటూగా. మున్షీ ఫోన్‌పేలో వేసేవాడు.

---

బరంపురం వకీలమ్మ · మధ్యాహ్నం 12:10

ఆ ఫోన్‌పే చరిత్ర బంగారం. ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీయించు, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తెచ్చుకో. జీతం ఇచ్చినట్టు, ఎవరు ఇచ్చారన్నట్టు రెండూ దాంట్లోనే ఉన్నాయి.

12,000లో 60 శాతం 7,200. దాన్ని 207.98తో గుణిస్తే 14,97,456. అందులో 30 శాతం 4,49,236 రూపాయలు.

మీకు ఇచ్చింది 30 వేలు.

యాక్సిడెంట్ నాటి నుంచి నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే ఇప్పుడు ఏడాదికి దాదాపు 53,900. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే అసలు మీద 50 శాతం దాకా జరిమానా కూడా వెయ్యొచ్చు. ఆసుపత్రి ఖర్చు అసలు బిల్లుల ప్రకారం విడిగా రావాలి, అది ఈ మొత్తంలో కలపరు. మున్షీ మందులకి ఇచ్చింది ఉంటే అది ఆ పద్దులోకే పోతుంది.

కాంట్రాక్టరా ఓనరా అన్న తగువు మీకు అక్కర్లేదు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకి అప్పగించినా, పరిహారం అసలు యజమాని నుంచే అడగొచ్చు. కట్టాక ఆయన కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో ఆయన ఇష్టం. పిటిషన్‌లో ఇద్దరి పేర్లూ పెట్టండి.

---

పట్టు ఊరి పిల్ల · మధ్యాహ్నం 12:45

అక్కా, 30 శాతమేనా? కుడి చేతికి మూడు వేళ్లు లేకపోతే సుత్తి పట్టలేడు, గునపం పట్టలేడు. అతనికి ఇంకే పని వచ్చు?

---

బరంపురం వకీలమ్మ · మధ్యాహ్నం 1:20

ఇది అడుగుతారనే చూస్తున్నాను. దీనికి జవాబు మన కొరాపుట్ జిల్లాలోనే పుట్టింది.

1968లో జయపురంలో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. హాలు యజమాని వాదన ఏమిటంటే, పోయింది ఒక చెయ్యే కదా, పట్టిక ప్రకారం పాక్షికమే ఇస్తాను అని. కమిషనర్ ఒప్పుకోలేదు. హైకోర్టులోనూ యజమానికి చుక్కెదురే. చివరికి సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో చెప్పింది: వడ్రంగి పని ఒంటి చేత్తో చేయలేడు, కాబట్టి అతనికి ఇది పూర్తి వైకల్యమే. అదే తీర్పులో ఇంకో మాట కూడా తేల్చారు. పరిహారం బాకీ పడేది కమిషనర్ తీర్పు చెప్పిన రోజు కాదు, దెబ్బ తగిలిన రోజే. దేశంలో ఏ మూల డబ్ల్యూసీ కేసు నడిచినా వకీలు ఈ తీర్పు తీస్తాడు. జయపురం వాళ్లకే చాలామందికి తెలీదు.

అలాగని మన కేసులో 100 శాతం వస్తుందని నేను ఆశ పెట్టను. చెయ్యి మొత్తం పోవడం వేరు, మూడు వేళ్లు పోవడం వేరు. కమిషనర్ 30 దగ్గరే ఆగిపోవచ్చు. కానీ బావ చేసే పని ఏమిటో, ఆ పనికి పిడికిలి బిగించడం ఎందుకు అవసరమో డాక్టరు సర్టిఫికెట్‌లో వివరంగా రాయించి, డాక్టర్ని సాక్షిగా పిలిపిస్తే ఎక్కువ అడగడానికి దారి ఉంటుంది. 30 గ్యారంటీగా నిలబడే నేల అనుకోండి. పైన అడిగేది వాదన బలం మీద.

---

కాశీనగర్ చిన్నోడు · మధ్యాహ్నం 2:05

మేడమ్ గారూ, ఒక పెద్ద చిక్కు చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడే డిశ్చార్జి కాగితం తీసి చూశాను. దెబ్బ ఎలా తగిలిందన్న చోట "ఇంట్లో గడ్డి కోసే మిషన్లో" అని ఉంది. చేర్పించిన రోజు రాత్రి మా అక్క ఏడుస్తూ బయట ఉంది, డాక్టరుకి చెప్పింది మున్షీ. మా ఇంట్లో గడ్డి మిషన్ కాదు కదా, ఆవు కూడా లేదు.

---

పాత లేబరాఫీసు మనిషి · మధ్యాహ్నం 2:30

ఆ, వచ్చింది. ఇది పాత నాటకం. ఫ్యాక్టరీ దెబ్బ బండి మీంచి పడ్డట్టు, కత్తిపీట కోసినట్టు, మేడ మెట్ల మీద జారినట్టు ఆసుపత్రి రికార్డులోకి ఎక్కుతుంది. వెంట వచ్చే మనిషి ఎప్పుడూ యజమాని మనిషే కాబట్టి. అందుకే చదివేవాళ్లందరికీ చెప్తున్నాను: ఆసుపత్రికి తీసుకెళ్లగానే రక్తం తర్వాత చూడాల్సింది ఆ ఒక్క లైను.

ఇప్పుడు దాన్ని ఎలా ఎదుర్కోవాలో చెప్తాను. ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లారు? 108లోనా?

---

కాశీనగర్ చిన్నోడు · మధ్యాహ్నం 2:34

అవును సార్, 108. క్రషర్ గేటు దగ్గరికే వచ్చింది. తోటి కూలీ ఒకడు తన ఫోన్ నుంచి చేశాడు.

---

పాత లేబరాఫీసు మనిషి · మధ్యాహ్నం 2:52

అయితే ఆ గడ్డి మిషన్ కథ నిలవదు. ఎక్కడి నుంచి ఫోన్ వెళ్లింది, బండి ఎక్కడికి వచ్చింది అన్నది వాళ్ల రికార్డులో ఉంటుంది. సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. ఆ కూలీ అబ్బాయి ఫోన్‌లో కాల్ లిస్టు చెరిగిపోకముందే ఫోటో తీయించండి. ఆ రోజు పనిలో ఉన్న ఇద్దరు సాక్ష్యం చెప్తే చాలు. పని పోతుందని భయపడితే, అక్కడ మానేసి వేరే చోటికి వెళ్లినవాడు ఎవరైనా ఉన్నాడా చూడండి. ఇలాంటి కేసుల్లో అలాంటివాళ్లే ధైర్యంగా చెప్తారు.

స్టేషన్‌లో కూడా ఇప్పుడైనా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యానికి కారణం ఆసుపత్రి అని రాయండి. ఇక ఆ స్టాంపు పేపరే మీకు పెద్ద సాక్ష్యం. గడ్డి మిషన్లో వేళ్లు పోతే క్రషర్ ఓనరు 30 వేలిచ్చి "పూర్తి పరిహారం" అని ఎందుకు రాయించుకుంటాడు?

---

పట్టు ఊరి పిల్ల · మధ్యాహ్నం 3:10

😂 సార్, ఆ చివరి లైనుకి దండం.

---

ప్రాణహిత పక్క · సాయంత్రం 5:25

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నా. మా దగ్గర క్రషర్లు తక్కువ, మిరప కాయ ఏరే కూలీ ఎక్కువ. గోదావరి దాటి తెలంగాణ వైపు ట్రాక్టరు ట్రాలీల ముప్పై మందిని కుక్కి తీసుకుపోతరు. పోయిన సీజన్ల ట్రాలీ బోల్తా పడి మా మేనత్త కాలు విరిగింది. ఆమెకు కూడా ఈ చట్టమే వర్తిస్తదా, లేక మోటారు యాక్సిడెంట్ కేసు వెయ్యాల్నా?

---

బరంపురం వకీలమ్మ · సాయంత్రం 6:40

రెండు దారులూ ఉండొచ్చు, కానీ ఒక్కటే ఎంచుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోనే స్పష్టంగా ఉంది, రెండు చోట్లా పరిహారం తీసుకోవడం కుదరదు. మోటారు ట్రిబ్యునల్‌లో నొప్పి, బాధ, భవిష్యత్తు ఆదాయం లాంటివి కూడా లెక్కలోకొస్తాయి, మొత్తం ఎక్కువ రావచ్చు. కానీ అక్కడ డ్రైవరు తప్పు చూపించాలి. పైగా ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడానికి పాలసీ లేదు అని ఇన్సూరెన్సు వాళ్లు గట్టిగా కొట్లాడతారు. ఇంకొకటి, 2022 ఏప్రిల్ నుంచి ఆ చట్టంలో యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లో క్లెయిమ్ వెయ్యాలని పెట్టారు. పోయిన సీజన్ అంటున్నారు, రేపే ఒక వకీలుని కలవండి.

కాలు అతుక్కుని మళ్లీ మామూలుగా నడిస్తే, పని మాన్పించిన రోజులకి డబ్ల్యూసీలో పదిహేను రోజులకోసారి నెల కూలిలో పాతిక శాతం ఇవ్వాలి. అంటే సగం కూలి.

---

ప్రాణహిత పక్క · సాయంత్రం 7:02

సమజైంది మేడమ్. వకీలు ఫీజుకే భయం అయితంది. ఇక్కడ ఒక ఏజెంటు వచ్చిన దాంట్ల మూడో వంతు అడుగుతున్నడు.

---

పట్టు ఊరి పిల్ల · రాత్రి 7:30

అన్నా, ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా బాబాయి సూరత్‌లో మరమగ్గాల మీద చేసేవాడు. గంజాం నుంచి అక్కడికి పోని ఇల్లు లేదు కదా. 2022లో మగ్గం దగ్గర కరెంటు కొట్టి పోయాడు. 40 ఏళ్లు. ఓనరు తరఫున ఎవరో 2 లక్షలు క్యాష్ తెచ్చి, ఊరి మేస్త్రికి ఇచ్చి, "పిన్నిగారికి ఇచ్చేయండి, ఇక్కడితో సరి" అన్నారు. మేస్త్రి చేతిలోంచి పిన్ని చేతికి వచ్చేసరికి అది లక్షా 40 అయింది. ఆ కథ వేరే.

ఒక టీచరమ్మ చెప్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాం. కోర్టు కాంపౌండ్‌లోనే ఉంటుంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఫ్యాక్టరీ కార్మికులకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. వాళ్లిచ్చిన వకీలే బరంపురంలోనే కేసు వేశాడు. సూరత్ వెళ్లక్కర్లేదని అప్పటిదాకా మాకు తెలీదు.

మనిషి చనిపోతే పరిహారం కమిషనర్ దగ్గరే కట్టాలట. బయట చేతికిచ్చింది లెక్కలోకి రాదు, మూడు నెలల జీతం మించని అడ్వాన్సు తప్ప. అతని జీతం 18 వేలు, కానీ లెక్కకి 15 వేలే తీసుకున్నారు. 2020 నుంచి అదే పరిమితి అన్నారు. అందులో సగం 7,500, 40 ఏళ్ల గుణకం 184.17, మొత్తం 13,81,275. దాని మీద వడ్డీ.

ఓనరు హైకోర్టుకి పోతానన్నాడు. ముందు మొత్తం డిపాజిట్ చేస్తేనే అప్పీలు తీసుకుంటారని తెలిశాక ఊరుకున్నాడు. పిల్లల వాటా బ్యాంకులో ఫిక్స్‌డ్ చేశారు. పిన్నికి అది మొదట్లో కోపం తెప్పించింది, నా డబ్బు నాకివ్వడానికి వీళ్లెవరు అని. ఇప్పుడు ఆ ఫిక్స్‌డే లేకపోతే ఎప్పుడో చుట్టాలు తినేసేవాళ్లు అంటుంది.

రెండేళ్ల పైన పట్టింది. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉందట. మా వకీలు గారు ఆ మాట చెప్పి ఆయనే నవ్వారు.

---

రాయగడ మాస్టారు · రాత్రి 8:15

అమ్మా, లక్షా 40 దగ్గరే ఆగిపోయి ఉంటే? మా ఊళ్లో అలా ఆగిపోయిన ఇళ్లు నాకు ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి. రెండేళ్లు దాటినవి కూడా వెయ్యొచ్చా?

---

పాత లేబరాఫీసు మనిషి · రాత్రి 8:33

సరైన కారణం చూపిస్తే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. తెలియదు అన్న ఒక్క మాట చాలదు. యజమాని ఇస్తాను ఇస్తాను అని తిప్పాడు, మంచం మీద ఉన్నాను, ఇలాంటివి రాయాలి. జాబితా రాయండి మాస్టారూ, కొన్నైనా నిలబడొచ్చు.

---

గునుపూర్ బ్యాచ్ 2014 · జనవరి 20, ఉదయం 10:05

ఒక డౌటు. నవంబరులో లేబర్ కోడ్లు వచ్చేశాయి, పాత చట్టాలన్నీ రద్దు అని టీవీలో చూశాను. అయితే మీరు చెప్పేదంతా పాత సంగతేనా? మా తమ్ముడు ప్లాంటుకి బైక్ మీద వెళ్తూ దారిలో పడి భుజం విరిగింది, డిసెంబరులో. గేటు లోపల జరగలేదు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు.

---

బరంపురం వకీలమ్మ · ఉదయం 11:48

మంచి ప్రశ్న. 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది, 1923 చట్టం అందులో కలిసిపోయింది. చిన్నోడి బావకి దెబ్బ సెప్టెంబరులో తగిలింది కాబట్టి ఆయనకి పాత చట్టమే. మీ తమ్ముడిది కోడ్ వచ్చాక.

కొత్త కోడ్‌లో ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగింది కూడా పనిలో జరిగినట్టే అని రాశారు, డ్యూటీకీ ఆ ప్రయాణానికీ సంబంధం చూపించగలిగితే. కోడ్ రాకముందే 2025 జులైలో సుప్రీంకోర్టు పాత చట్టం కింద కూడా అదే మాట చెప్పింది. అది మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసు. తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి బైక్ మీద వెళ్తూ ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల దూరంలో చనిపోయాడు, 2003లో. ఇరవై రెండేళ్లకి తేలింది.

మీ తమ్ముడి షిఫ్టు టైము, పడిన టైము, రోజూ వెళ్లే దారి, ఈ మూడూ కాగితం మీదకి తెచ్చుకోండి. ముందు మాత్రం అతనికి ఈఎస్ఐ (జీతంలోంచి కోసే కార్మికుల బీమా) ఉందో లేదో చూడండి. ఉంటే ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే రావాలి, యజమాని మీద డబ్ల్యూసీ కేసు కుదరదు.

---

గునుపూర్ బ్యాచ్ 2014 · ఉదయం 11:55

పే స్లిప్‌లో ఈఎస్ఐ కటింగ్ ఉంది మేడమ్! ఇన్నాళ్లూ అదేదో పన్ను అనుకున్నాడు వాడు.

---

కాశీనగర్ చిన్నోడు · జనవరి 24, రాత్రి 8:50

అప్‌డేట్. అక్క, బావ, నేను బుధవారం శ్రీకాకుళం వెళ్లాం. న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు వకీలుని ఇచ్చారు, కుర్రవాడే కానీ ఓపికగా విన్నాడు. స్టాంపు పేపరు ఫోటో చూసి మొదట నవ్వి, తర్వాత కోప్పడ్డాడు. పిటిషన్ తయారవుతోంది. 108కి ఫోన్ చేసిన అబ్బాయి సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. వాడు సంక్రాంతికే అక్కడ మానేసి హైదరాబాద్ పోతున్నాడు, సార్ చెప్పినట్టే అయింది.

ఎలా తెలిసిందో, ఇవాళ సాయంత్రం మున్షీ ఫోన్ చేశాడు. ఇప్పటిదాకా "ఏరా" అనేవాడు, ఇవాళ "ఏం బాబూ" అన్నాడు. ఇంకో లక్ష ఇస్తాం, ఆఫీసులు గీఫీసులు ఎందుకు అన్నాడు. బావ కొంచెం మెత్తబడ్డాడు. ఏం చెప్పమంటారు?

---

పాత లేబరాఫీసు మనిషి · రాత్రి 9:10

మర్యాదగా మాట్లాడు, గొడవ పడకు. "లక్షో రెండు లక్షలో, కమిషనర్ దగ్గర డిపాజిట్ చెయ్యండి, అక్కడే మాట్లాడుకుందాం" అను. నిజంగా ఇవ్వాలనుకున్నవాడికి ఆ మెట్లెక్కడం కష్టం కాదు. ఈసారి వేలిముద్ర మాత్రం ఎక్కడా వద్దు. ఫోన్లు అన్నీ రికార్డు అయ్యేలా పెట్టుకో.

---

కూలీల మేస్త్రి_77 · రాత్రి 9:22

తమ్ముడూ, అవతలి పక్క మనిషిగా చెప్తున్నా. మొదటి ఫోన్‌లోనే లక్ష అన్నాడంటే వాళ్లకి వకీలు అసలు లెక్క చెప్పేశాడు. ఒప్పుకోకు.

---

కాశీనగర్ చిన్నోడు · రాత్రి 9:30

ఈ మాట మీరు అనడం బావకి చదివి వినిపించాను మేస్త్రి గారూ. గంట నుంచి మాట్లాడనివాడు ఇప్పుడే అన్నం పెట్టమన్నాడు. మంగళవారం మళ్లీ శ్రీకాకుళం రమ్మన్నారు, సంతకాలకి. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు, ఇంకా వంకర పోతోంది.

---

పట్టు ఊరి పిల్ల · రాత్రి 9:41

వంకరైనా పర్లేదు, అన్ని కాగితాల మీదా ఒకేలా పెట్టమనండి. ఆధారు, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి బిల్లులు అన్నీ మూడేసి జిరాక్సులు పాతపట్నంలోనే తీయించుకుని బయల్దేరండి. అక్కడికెళ్లాక కరెంటు పోతే మేం ఒక పూట మొత్తం కూర్చున్నాం.

---

కాశీనగర్ చిన్నోడు · రాత్రి 9:44

సరే అక్కా. మొదటి బస్సుకే ఎక్కుతాం.